అట్టముక్కతోనే అసలు పాఠం

త్రీడీ ప్రింటర్ లేదని ఆగిపోకండి. కిరాణా కొట్టు అట్టపెట్టె, ఓ కట్టర్, ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే డిజిటల్ ఫ్యాబ్రికేషన్ మొదలుపెట్టొచ్చు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ దాటకుండానే చాలావరకు నేర్చుకోవచ్చు.

“అన్నా, డిజైన్ కోర్సులో చేరిన. త్రీడీ ప్రింటర్ కొనమంటవా?”

నాకు తరచూ వచ్చే మెసేజ్ ఇది. ఎవరడిగినా నా జవాబు ఒకటే. ముందు మీ వీధి చివర కిరాణా కొట్టుకెళ్లి ఖాళీ అట్టపెట్టె అడగండి. ప్రింటర్ సంగతి తర్వాత చూద్దాం.

జోక్ అనుకుంటారు చాలామంది. నల్గొండ జిల్లా నుంచి వచ్చి చైతన్యపురి హాస్టల్లో ఉంటూ ప్రొడక్ట్ డిజైన్ చదువుతున్న ఓ చెల్లి కూడా అలాగే నవ్వింది. ఆమె పోర్ట్‌ఫోలియోలో టేబుల్ ల్యాంప్ రెండర్ ఒకటుంది. చూస్తే ఫొటో అనుకుంటాం, అంత బాగుంది. అదే పట్టుకుని ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూకి వెళ్లింది. అక్కడ అడిగినవి మూడే ప్రశ్నలు. ఎన్ని ముక్కలు? షీటు మందం ఎంత? ముక్కకూ ముక్కకూ జాయింట్ ఏంటి? మూడింటికీ ఆమె దగ్గర జవాబు లేదు. బయటికొచ్చి ఓ త్రీడీ ప్రింటింగ్ కోర్సు ఫీజు కోసం ఇంటికి ఫోన్ చేయబోతూ నాకు మెసేజ్ పెట్టింది.

ఆ ఫోన్ కాల్ ఒక నెల ఆపమన్నాను. ఆ నెలలో ఆమె, మరో ముగ్గురు డిజైన్ విద్యార్థులు ఆదివారాలు కూర్చుని ఏం నేర్చుకున్నారో చెబుతాను. మీరు బీటెక్ అయినా, బీఎఫ్‌ఏ అయినా, ఆర్కిటెక్చర్ అయినా ఇదే వరుసలో వెళ్లొచ్చు.

షీటు చాలు ఎందుకంటే...

డిజిటల్ ఫ్యాబ్రికేషన్ అంటే కంప్యూటర్లో గీసిన గీతను యంత్రం నేరుగా వస్తువుగా మార్చడం. ఈ మాట వినగానే త్రీడీ ప్రింటర్ ఒక్కటే గుర్తొస్తుంది మనకి. కానీ లేజర్ కట్టర్, సీఎన్‌సీ రౌటర్, వినైల్ కట్టర్ కూడా అదే కుటుంబం. ఇవి ప్రధానంగా షీటు మీద పనిచేస్తాయి. అట్ట, ఎండీఎఫ్, ప్లైవుడ్, యాక్రిలిక్... ఇలా చదునుగా దొరికే సరుకు.

చదును ముక్కలతో వస్తువు చేయడం మనకు కొత్తేం కాదు. శ్రీసత్యసాయి జిల్లా నిమ్మలకుంట తోలుబొమ్మలు చూడండి. తోలును పలుచగా గీకి, కత్తిరించి, చిల్లులు కొట్టి, రంగులద్ది, చేతులూ కాళ్లూ విడిగా చేసి దారంతో కడతారు. పలుచని ముక్కలకు కదలిక వచ్చేది ఆ జాయింట్లతోనే. కంప్యూటర్ లేదన్న మాటే గానీ, ఆలోచన మనం మాట్లాడుకుంటున్నదే.

ప్రపంచంలో పేరున్న ల్యాబుల్లోనూ పాఠం ఇక్కడే మొదలవుతుంది. అమెరికాలోని ఎంఐటీలో ప్రొఫెసర్ నీల్ గెర్షెన్‌ఫెల్డ్ 1998లో ‘దాదాపు ఏదైనా తయారుచేయడం ఎలా’ అనే అర్థం వచ్చే పేరుతో ఓ కోర్సు పెట్టారు. పది మందికి సరిపోయే తరగతికి వంద మంది దాకా వచ్చారు. ఫ్యాబ్ ల్యాబ్‌ల ఉద్యమానికి దారి వేసింది ఆ కోర్సే. అందులో మొదట్లో వచ్చే అసైన్‌మెంట్లలో ఒకటి ఏంటో తెలుసా? జిగురు లేకుండా ఒకదాంట్లో ఒకటి బిగుసుకునే ముక్కల కిట్‌ను లేజర్‌తో కోయడం. చాలామంది దాన్ని అట్టతోనే చేస్తారు. ఎంఐటీ బయట తొలి ఫ్యాబ్ ల్యాబ్‌లలో ఒకటి 2002లో మన దేశంలోనే, పుణె దగ్గర పాబళ్ గ్రామంలోని విజ్ఞాన్ ఆశ్రమ్‌లో వచ్చింది. పల్లెటూళ్లో మొదలైంది కాబట్టి మన హాస్టల్ గదిలోనూ మొదలవుతుంది.

అట్టతో చేస్తే బొమ్మలే వస్తాయన్న అనుమానం ఉంటే ఫోల్డ్‌స్కోప్ గురించి వెతకండి. ఐఐటీ కాన్పూర్‌లో కంప్యూటర్ సైన్స్ చదివిన మను ప్రకాశ్ స్టాన్‌ఫర్డ్‌లో తన బృందంతో చేసిన కాగితం మైక్రోస్కోప్ అది. చదును కాగితం మీద అచ్చువేసి, మడిచి, చిన్న లెన్స్ పెడతారు. 2014లో పరిశోధన పత్రం వచ్చింది. విడిభాగాల ఖర్చు డాలరు లోపే. షీటు చవక, ఆలోచన చవక కాదు.

నా పరువు తీసిన 0.4 మిల్లీమీటర్లు

నాకీ పాఠం బీటెక్ ఫైనలియర్‌లో తగిలింది. ప్రాజెక్టు రివ్యూకి ఎండీఎఫ్ డబ్బా ఒకటి కావాలి. ‘మూడు ఎంఎం షీటు’ అన్నారు కాబట్టి గాడులన్నీ సరిగ్గా 3 ఎంఎం గీశాను. ముందు రోజు సాయంత్రం దుకాణంలో కోయించుకుని రూముకొచ్చి బిగిస్తే... డబ్బా గలగలమంది. ఒక ముక్క పెడితే రెండోది ఊడిపోతోంది. రాత్రంతా ఫెవికాల్, రబ్బర్ బ్యాండ్లు. పొద్దున టేబుల్ మీద పెట్టగానే పక్కకు ఒరిగింది. అందరూ నవ్వారు.

తర్వాత వెర్నియర్ కాలిపర్ పెట్టి చూస్తే షీటు మందం 2.8. దానికి తోడు లేజర్ కిరణం కోస్తూ కోస్తూ కొంత చెక్కను కాల్చేసింది. ఆ సందునే కెర్ఫ్ అంటారు. మామూలు లేజర్ కట్టర్‌లో అది మిల్లీమీటరులో పదోవంతు నుంచి మూడు పదోవంతుల దాకా ఉంటుంది. నాకు 0.2 వచ్చింది. అంటే 3 ఎంఎం గీస్తే గాడి 3.2 అయ్యింది, అందులో దూరాల్సిన షీటు 2.8. తేడా 0.4. నాలుగేళ్లు టాలరెన్సు, క్లియరెన్సు అని పరీక్షల్లో రాశాను కదా. అదేంటో చేతికి తెలిసింది ఆ రోజే.

నేను చేసింది తప్పే గానీ, చవకైన తప్పు. అదే డబ్బా ప్రింటర్‌లో చేసి ఉంటే గంటలకు గంటలు పోయేవి. షీటులో పోయింది కొన్ని నిమిషాలు, ఒక ముక్క. నేర్చుకునేవాడికి తప్పు చవగ్గా, త్వరగా దొరకాలి. ఈ పద్ధతిని నేను నమ్మడానికి అసలు కారణం అదే.

నాలుగు ఆదివారాలు

*మొదటి వారం: కట్టర్, స్టీల్ స్కేలు.* కంప్యూటర్ ముట్టుకోవద్దు. రెండు అట్టముక్కలు తీసుకుని, ఒకదానికి పై నుంచి సగం దాకా, ఇంకోదానికి కింది నుంచి సగం దాకా గాడి కోసి అడ్డంగా దూర్చండి. 200 ఎంఎం ఎత్తు ముక్క అయితే చెరో 100. ఎందులోనూ జిగురు వద్దు. ఇలా బిగుసుకునే ముక్కలతో ఫోన్ స్టాండ్, తర్వాత నాలుగు కోచింగ్ పుస్తకాలు మోసే స్టాండ్ చేయండి. ఒకే దెబ్బకు కోయాలని కట్టర్ మీద బలం పెట్టొద్దు, రెండు మూడు సార్లు తేలిగ్గా గీయండి. ప్లాస్టిక్ స్కేలు వాడితే ముందు స్కేలు తెగుతుంది, తర్వాత వేలు.

మన చెల్లి చేసిన ల్యాంప్ స్టాండ్ మొదటిసారి నడుము విరిగి కూలింది. కారణం అట్టలోనే ఉంది. అట్ట అంచును చూడండి. రెండు కాగితాల మధ్య అలలు అలలుగా మడత కనిపిస్తుంది. దాన్ని ఫ్లూట్ అంటారు. త్రీ ప్లై పెట్టెలో ఒక వరస, ఫైవ్ ప్లైలో రెండు వరసలు. ఫ్లూట్లు నిలువుగా ఉంటే స్తంభాల్లా బరువు మోస్తాయి. అడ్డంగా ఉంటే అక్కడే మడత పడుతుంది. ముక్కను 90 డిగ్రీలు తిప్పి కోసింది, అంతే. అదే అట్ట, అదే ఆకారం, స్టాండ్ నిలబడింది.

*రెండో వారం: కొలత.* షీటు పేరు మీద ఉన్న అంకెను నమ్మొద్దు. కాలిపర్‌తో నాలుగు చోట్ల కొలవండి. తర్వాత అట్ట మీద దువ్వెనలాగా వరసగా గాడులు కోయండి. 2.4, 2.6, 2.8, 3.0... ఇలా. ఏ గాడిలో మీ షీటు కొంచెం బిగువుగా దూరి, తలకిందులు చేసినా ఊడదో అదే మీ అంకె. అట్ట కాస్త నొక్కుకుంటుంది కాబట్టి దానికి గాడి మందం కంటే కొంచెం తక్కువుండాలి. యాక్రిలిక్ నొక్కుకోదు, మరీ బిగిస్తే పగులుతుంది. ఏ సరుకు స్వభావం దానిదే.

*మూడో వారం: ఫైలు.* ఇప్పుడు కంప్యూటర్. రెండు డైమెన్షన్లలో గీయడానికి ఇంక్‌స్కేప్ ఉచితం. కొలతలు మారిస్తే డ్రాయింగంతా మారేలా గీయాలంటే ఫ్రీక్యాడ్ ఉచితం, ఆటోడెస్క్ ఫ్యూజన్ విద్యార్థులకు ఉచితం. మందం, గాడి వెడల్పు అనే రెండు అంకెలను ప్యారామీటర్లుగా పెట్టుకోండి. రేపు షీటు మారితే రెండు అంకెలు మారిస్తే చాలు, మళ్లీ మొదట్నుంచీ గీయక్కర్లేదు. డబ్బాల కోసం అయితే బాక్సెస్ డాట్ పై అనే ఉచిత టూల్ ఉంది. కానీ ఒక్క డబ్బా అయినా సొంతంగా గీశాకే దాని జోలికి వెళ్లండి. లేకపోతే నాలాగే రివ్యూలో దొరికిపోతారు.

*నాలుగో వారం: లేజర్.* దుకాణానికి వెళ్లగానే అసలు డిజైన్ కోయించొద్దు. ముందు కెర్ఫ్ పరీక్ష. 100 ఎంఎం పొడవు దీర్ఘచతురస్రం గీసి, దాన్ని పది సమాన ముక్కలుగా విడగొట్టే తొమ్మిది గీతలు గీయండి. కోశాక ఆ పది ముక్కల్నీ అదే చట్రంలో ఒక పక్కకు జరపండి. మిగిలిన ఖాళీని కొలవండి. ఆ వరసలో కిరణం దాటింది మొత్తం 11 గీతలు కాబట్టి ఖాళీని 11తో భాగిస్తే కెర్ఫ్ వస్తుంది. ఖాళీ 2.2 ఎంఎం ఉంటే కెర్ఫ్ 0.2. షీటు 2.8 అయితే గాడి 2.6 గీయాలి. ఈ ఒక్క లెక్క వచ్చినవాడికి గలగలలాడే డబ్బా రాదు.

దుకాణం దగ్గర ఎలా మాట్లాడాలి?

దిల్‌సుఖ్‌నగర్‌లో తలెత్తితే కనిపించేవి కోచింగ్ సెంటర్ల బోర్డులే. ఆ బోర్డులు, ట్రోఫీలు, నేమ్‌ప్లేట్లు ఎక్కడో ఒకచోట తయారవ్వాలి కదా! మలక్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెయిన్ రోడ్డు వదిలి సందుల్లోకి వెళితే సైన్ బోర్డులు, షీల్డులు చేసేవాళ్లు తగులుతారు. వాళ్లలో లేజర్ ఉన్నవాళ్లను అడిగి కనుక్కోండి. మన పని వాళ్లకు చిన్న ఆర్డర్. పెళ్లిళ్ల సీజన్‌లో, ఎన్నికలప్పుడు మన ముఖం చూడరు. మధ్యాహ్నం ఖాళీగా ఉండే వేళ వెళ్లండి. వెళ్లేముందు ఇవి గుర్తుపెట్టుకోండి.

• యంత్రం బెడ్ సైజు ముందే అడగండి. షీటు ఎనిమిది బై నాలుగు అడుగులు వస్తుంది. ప్లైవుడ్ దుకాణంలోనే రెండడుగుల ముక్కలుగా కోయిస్తే ఎనిమిది ముక్కలు. కానీ రెండడుగులంటే దాదాపు 610 ఎంఎం. 600 ఎంఎం బెడ్ మీద అది పట్టదు! ఒక సెంటీమీటరు కోసం మళ్లీ వెనక్కి నడవాల్సి వస్తుంది.

• సైన్ బోర్డు దుకాణాల్లో ఎక్కువగా కోరెల్‌డ్రా ఉంటుంది. ఫైలును ఎస్‌వీజీ, డీఎక్స్‌ఎఫ్ రెండింట్లోనూ తీసుకెళ్లండి. మూలన 100 ఎంఎం చతురస్రం ఒకటి గీసి పెట్టండి. వాళ్ల కంప్యూటర్లో తెరిచాక అది 100 చూపిస్తేనే కోయమనండి. సాఫ్ట్‌వేర్ మారితే స్కేలు మారడం చాలా మామూలు.

• ఒకే గీత రెండుసార్లు పడిందేమో చూసుకోండి. లేజర్ రెండుసార్లు కోస్తుంది. అంచు నల్లబడుతుంది, బిల్లూ పెరుగుతుంది.

• రేటు నిమిషాల మీదా, అంగుళాల మీదా అని ముందే అడగండి. నిమిషాల మీద అయితే అనవసరమైన చెక్కడాలు తీసేయండి. కోతకంటే చెక్కడానికే ఎక్కువ టైమ్ పడుతుంది.

• సన్‌బోర్డ్‌ను లేజర్‌లో పెట్టమని ఎప్పుడూ అడగొద్దు. మోడళ్లకు మనోళ్లు ఎక్కువగా వాడేది అదే, కానీ అది చాలావరకు పీవీసీ. లేజర్ తగిలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. ఊపిరితిత్తులకు ప్రమాదం, యంత్రం తుప్పు పడుతుంది. నేనొకసారి తెలియక తీసుకెళ్తే దుకాణం అన్న గట్టిగానే చెప్పాడు: “తమ్మీ, గిది లేజర్ల పెడితే నా మిషన్ పోతది, నీ పానం గూడ పోతది. కట్టర్‌తోని కోస్కో పో.” ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఏ షీటో తెలియకపోతే లేజర్ వద్దు.

ఎండీఎఫ్ కోసేటప్పుడూ పొగ వస్తుంది. దాన్ని అతికించే రెజిన్‌లో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. పొగ లాగే ఫ్యాన్ లేని గదిలో పక్కన నిలబడి ఫొటోలు తీసుకోవద్దు.

షీటు చాలనప్పుడు మెట్రో ఎక్కండి

ప్రతి వస్తువూ షీటుతో రాదు. చేతికి ఇమిడే హ్యాండిల్, గేరు, సర్క్యూట్ బోర్డు కావాలంటే పెద్ద ల్యాబ్ కావాలి. రాయదుర్గంలో రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటుచేసిన టీ-వర్క్స్ ఉంది. 2023 మార్చి 2న ప్రారంభమైంది. 78 వేల చదరపు అడుగుల్లో లేజర్, సీఎన్‌సీ, త్రీడీ ప్రింటింగ్, ఎలక్ట్రానిక్స్, షీట్ మెటల్ యంత్రాలున్నాయి. ఎల్బీనగర్‌లో రెడ్ లైన్ ఎక్కి అమీర్‌పేటలో బ్లూ లైన్‌కు మారితే చివరి స్టేషన్ రాయదుర్గం. విద్యార్థులకున్న సౌకర్యాలు, చార్జీలు వాళ్ల వెబ్‌సైట్లో చూసుకుని వెళ్లండి.

కానీ ఒక మాట. అంత పెద్ద ల్యాబుకు ఖాళీ చేతులతో వెళితే చుట్టూ చూసి సెల్ఫీ దిగి వస్తాం. అట్టతో చేసిన నాలుగో వెర్షన్ చేతిలో పట్టుకుని వెళితే, అక్కడున్న ఇంజినీర్‌ను అడగడానికి సరైన ప్రశ్న ఉంటుంది.

ఇది ఉద్యోగం ఇస్తుందా?

సూటిగా చెబుతా. ‘అట్ట కోయడం వచ్చు’ అంటే ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. కానీ ఇందులో నేర్చుకున్న ఆలోచన అక్కరకొచ్చే పనులు చాలా ఉన్నాయి. ప్యాకేజింగ్‌లో పెట్టె నిర్మాణం గీసేవాళ్లు, షాపుల్లో డిస్‌ప్లే స్టాండ్లు చేసే కంపెనీలు, ఎగ్జిబిషన్ స్టాళ్లు, మాడ్యులర్ ఫర్నిచర్, ఆర్కిటెక్చర్ మోడళ్లు, సినిమా సెట్లు, విద్యా బొమ్మలు... అన్నింట్లోనూ షీటే ముడిసరుకు. మెకానికల్ వాళ్లకైతే షీట్ మెటల్ డిజైన్ దీని పక్కిల్లే. అక్కడ అట్ట బదులు రేకు, మడతకు బెండ్ అలవెన్సు లెక్క కలుస్తుంది. విప్పితే చదునుగా ఎలా ఉంటుందో ఊహించే కన్ను మాత్రం అదే.

స్కూళ్లలోనూ అవకాశాలున్నాయి. కేంద్రం 2016లో మొదలుపెట్టిన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద వేల పాఠశాలల్లో టింకరింగ్ ల్యాబులొచ్చాయి. ప్రభుత్వ బడుల్లో ఐదేళ్లలో మరో 50 వేలు ఏర్పాటుచేస్తామని 2025-26 బడ్జెట్‌లో ప్రకటించారు. ల్యాబు పెడితే సరిపోదు, పిల్లలకు నేర్పేవాళ్లు కావాలి. ముప్పై మంది పిల్లలకు ఒక ప్రింటర్ ఉంటే ఇరవై తొమ్మిది మంది చూస్తూ కూర్చుంటారు. అట్టతో పాఠం చెప్పగలిగితే ముప్పై మంది చేతులూ కదులుతాయి.

పై చదువులకూ ఇది పనికొస్తుంది. నిఫ్ట్ బీడెస్ ప్రవేశాల్లో సిట్యుయేషన్ టెస్ట్ అంటే, ఇచ్చిన సామగ్రితో అక్కడికక్కడే మోడల్ చేయడం. బీటెక్ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు కూడా ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్ రాసి, ఐఐటీ హైదరాబాద్‌లాంటి చోట్ల ఎండెస్‌కు ప్రయత్నించొచ్చు. అడ్మిషన్ ఇంటర్వ్యూల్లో పోర్ట్‌ఫోలియో అడిగితే చూపించడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా.

విరిగిన ముక్కల్ని పారేయొద్దు

పోర్ట్‌ఫోలియోలో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. చివరి అందమైన ఫొటో ఒక్కటే పెడతారు. దాని వెనక ఉన్న నాలుగు ఫెయిల్యూర్లూ చెత్తబుట్టలో ఉంటాయి. వాటిని దాచండి. ప్రతి ముక్క మీదా తేదీ, గాడి కొలత, ఎందుకు విరిగిందో ఒక్క లైను పెన్నుతో రాయండి. ఒకే బల్ల మీద వరసగా పేర్చి ఒక ఫొటో తీయండి. పోర్ట్‌ఫోలియోలో మొదటి పేజీ అదే కావాలి.

మన చెల్లి అలాగే చేసింది. నెల తర్వాత ఎగ్జిబిషన్ స్టాళ్లు చేసే ఓ సంస్థలో ఇంటర్వ్యూకి ల్యాంప్‌తో పాటు విరిగిన ముక్కలు ఓ క్యారీబ్యాగులో వేసుకెళ్లింది. వాళ్లు వెలిగే ల్యాంప్‌ను ఓసారి చూసి పక్కన పెట్టారట. నడుము విరిగిన మొదటి స్టాండ్‌ను చేతిలోకి తీసుకుని “ఇదెందుకు పోయింది?” అని అడిగారట. ఫ్లూట్ దిక్కు గురించి చెప్పింది. “మరి ఎండీఎఫ్‌లో గాడి 2.6 ఎందుకు పెట్టావు?” అన్నారు. కెర్ఫ్ లెక్క కాగితం మీద వేసి చూపించింది. ఆరు నెలల ఇంటర్న్‌షిప్ వచ్చింది. అది ఉద్యోగం అవుతుందో లేదో ఇంకా తెలియదు. స్టయిపెండ్ హాస్టల్ ఫీజుకు సరిపోతోందని మాత్రం చెప్పింది. ఆ కోర్సు ఫీజు కోసం ఇంటికి ఫోన్ చేయలేదు.

ఇప్పుడు మీ వంతు. ఈ ఆదివారం ఒక అట్టపెట్టె, ఒక కట్టర్, ఒక స్టీల్ స్కేలు. జిగురు, టేపు లేకుండా మీ బరువైన కోచింగ్ పుస్తకాలు నాలుగు మోసే స్టాండ్ చేయండి. మొదటిది కూలుతుంది. కూలిన చోట తేదీ రాసి, రెండోది మొదలుపెట్టండి.